ఏనుగుల మధ్య డొవీమా: ఆ సొగసు ఎవరి ఖాతాలో వెయ్యాలి?

నలుపుతెలుపు
మా ఫోటో క్లబ్ గ్రూపులో రాత్రి మొదలైన గొడవ తెగలేదు, అందుకే ఇక్కడికి తెస్తున్నాను. ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ రిచర్డ్ ఎవెడాన్ 1955 ఆగస్టులో పారిస్‌లోని సిర్క్ దివెర్ సర్కస్‌లో తీసిన 'డొవీమా విత్ ఎలిఫెంట్స్' మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ళ కోసం: వెనక ఏనుగులు, ముందు నల్ల వెల్వెట్ గౌనులో సన్నటి మనిషి, మోడల్ డొవీమా, నడుం దగ్గర మొదలై కిందికి జారే వెడల్పాటి తెల్ల సాటిన్ పట్టీ. చేతులు చెరోవైపు చాచి, తల పక్కకు తిప్పి నిలబడి ఉంటుంది. 70 ఏళ్ళు దాటినా ఆ బొమ్మ పాతబడలేదు. ఎప్పటికీ వాడని సొగసు అనే మాట వస్తే ఎవరైనా ముందు చూపించేది దాన్నే.

మా క్లబ్ గోడ మీద ప్రసిద్ధ ఫోటోల గురించి చిన్న చిన్న పరిచయాలు పెడుతున్నాం. దీని కింద ఎవరి పేరు ముందు రాయాలన్నదే పేచీ. నా మటుకు నాకు సందేహం లేదు, ఎవెడాన్‌దే. అద్దాల పైకప్పులోంచి దిగే వెలుగులో ఆ ఏనుగుల్ని చూడగానే బొమ్మ ఆయన బుర్రలో తయారైపోయింది. దానికి తగ్గ గౌను ఆ తరవాత వెతుక్కున్నాడు. అక్కడ ఏ మోడల్‌ని నిలబెట్టినా ఇదే ఫోటో వచ్చేది.

కత్తెరమాట
"ఏ మోడల్‌ని నిలబెట్టినా" అన్నారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండింది. నేను బొటిక్ నడుపుతాను. ట్రయల్‌కి వచ్చినవాళ్ళు అద్దం ముందు నిలబడగానే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడతారు. ఒకరు దుపట్టా పట్టుకుంటారు, ఒకరు ఫోను. ఉత్త చేతుల్ని ఉత్తగా ఉంచడం ఎంత కష్టమో రోజూ చూస్తాను. ఆ ఫోటోలో డొవీమా చేతుల్నే కాసేపు చూడండి. ఒకటి తొండాన్ని తాకుతూ ఉంటుంది గానీ పట్టుకోదు. భుజం నుంచి వేలికొస దాకా ఒకటే గీత, ఎక్కడా బిగింపు లేదు. పక్కనే కదులుతున్న ఏనుగులు, సర్కస్‌లో వాసన, ఆగస్టు ఎండ, ఒంటి మీద వెల్వెట్. మీరు నిలబడి చూపించండి సార్!

ఆమె ఏదో దారినపోయే పిల్ల కూడా కాదు. అసలు పేరు డొరొతీ వర్జీనియా మార్గరెట్ జూబా, మూడు పేర్ల మొదటి అక్షరాలు కలిపి 'డొవీమా' అని తనే పెట్టుకుంది. ఆ రోజుల్లో గంటకు 60 డాలర్లు తీసుకునేది. అంత డబ్బు ఎవరికిపడితే వాళ్ళకి ఊరికే ఇస్తారా?

ఫ్రేములోపల
మేడమ్, నేను పెళ్ళిళ్ళ ఫోటోలు తీసి బతుకుతున్నవాణ్ణి, కాబట్టి కొంచెం మా పక్షమే మాట్లాడతాను. మీ డొవీమా కంటే ముందు తరం పెద్ద మోడల్ లీజా ఫాన్సాగ్రీవ్స్ మాటే తీసుకోండి. 1949లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన మనిషి. ఎవరైనా చూసేది బట్టల్నే గానీ అమ్మాయిని కాదని, తను మంచి హ్యాంగర్‌ని మాత్రమేనని తనే చెప్పుకుంది. ఆమె భర్త ఇర్వింగ్ పెన్ 1950లో పారిస్ ఫ్యాషన్ సంస్థల కొత్త బట్టల్ని (కలెక్షన్లు) ఫోటోలు తీసినప్పుడు ఏం చేశాడు? పాత నాటకాల తెర ఒకటి వెనక కట్టి, పగటి వెలుగులో తీశాడు, అంతే. కుర్చీ లేదు, మేడ లేదు, కారు లేదు. కాలాన్ని పట్టిచ్చే వస్తువులన్నీ తీసిపారేశాడు, అందుకే అవి పాతబడలేదు. ఆ నిర్ణయం ఫోటోగ్రాఫర్‌దే కదా.

నేనూ మండపం వెనక ప్లాస్టిక్ పూల గోడ తీసేయమని అడుగుతుంటాను, ఎవరూ వినరనుకోండి.

కత్తెరమాట
ఆమె వినయంగా ఒక మాట అంటే దాన్ని సాక్ష్యం కింద వాడేసుకోవడం భలే ఉంది. అదే లీజా 1939లో ఈఫిల్ టవర్ ఇనుప కమ్మీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గౌను గాలిలోకి ఎగరేసింది. ఎర్విన్ బ్లూమెన్‌ఫెల్డ్ తీశాడు. తాడు లేదు, బెల్టు లేదు. ఆమె డాన్స్ నేర్చుకున్న మనిషి కాబట్టే అది సాధ్యమైంది. హ్యాంగర్ని టవర్‌కి తగిలిస్తే ఆ బొమ్మ వస్తుందా అన్నా?

పాతపత్రిక
ఇద్దరూ గౌనుని మర్చిపోయారు. అది పారిస్ ఫ్యాషన్ సంస్థ డియోర్ గౌను. గీసింది ఈవ్ సాంలోరాన్, అప్పుడే 19 నిండిన కుర్రాడు, ఆ సంస్థలో కొత్తగా చేరాడు. అక్కడ అతని మొదటి గౌను అదే.

ఇంకో సంగతి చెబుతాను, దీనికి మీ ఇద్దరి దగ్గరా జవాబు ఉండదనుకుంటా. హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రిక 1955 సెప్టెంబరు సంచికలో ఈ షూట్‌వి రెండు ఫోటోలు వచ్చాయి. రెండోదాంట్లో కూడా అదే డొవీమా, అవే ఏనుగులు, అదే ఎవెడాన్, గౌను మాత్రం తెల్లది. దాన్ని మీలో ఎంతమంది చూశారు? అన్నీ సమానంగా ఉండి ఒకటి మిగిలి ఒకటి పోయిందంటే తేడా ఎక్కడుంది?

నలుపుతెలుపు
అంటే గౌనే గెలిచిందంటారా?

పాతపత్రిక
కాదు, అక్కడే ఆగండి. తెల్ల గౌను ఫోటో నెగెటివ్ ఎలాగో మాయమైపోయింది. నెగెటివ్ లేకపోతే కొత్త ప్రింటు లేదు, ప్రింటు లేకపోతే మ్యూజియం లేదు, వేలం లేదు, పోస్టర్ లేదు. నల్ల గౌనుది మళ్ళీ మళ్ళీ వేశారు, పెంచి వేశారు, పుస్తకాల్లోకి ఎక్కించారు. మనకి పదేపదే చూపించిన దాన్నే మనం 'ఎప్పటికీ నిలిచేది' అంటున్నాం. తెల్లది కూడా అన్నిసార్లు చూసి ఉంటే ఇవాళ ఈ చర్చ దాని మీదే జరిగేదేమో. నా లెక్కలో సగం ఖాతా పత్రికలది, గ్యాలరీలది.

కోఠీవాలా
అన్నా, మీ లెక్క అన్నిచోట్లా నడవదు. మా హైదరాబాద్‌లో నీలోఫర్ ఆస్పత్రి తెలియని తల్లి ఉండదు. ఆ పేరు ఎవరిదో తెలుసా? నిజాం రెండో కొడుకు మొఅజ్జమ్ జాని 1931లో పెళ్ళాడిన టర్కీ రాకుమారి. చీరలో ఆమె ఫోటోలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతుంటాయి. ఎవరు తీశారని ఎవరన్నా అడిగారా? "అబ్బ, ఏం కట్టింది" అనే అంటారు. ఫోటోగ్రాఫర్ పేరు లేకుండా కూడా సొగసు నిలుస్తది.

ఫ్రేములోపల
నిలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆమె రాకుమారి భాయ్. ఏనుగుల పక్కనున్న మనిషి ఎవరో తెలియకుండానే లోకం ఆ బొమ్మను చూస్తోంది.

గోదారిగట్టు
ఇంత మాట్లాడారు, ఏనుగుల కాళ్ళకున్న గొలుసులు ఒక్కరికీ కనపడలేదా? నాకు ముందు అవే కనిపించాయి. ఇక గౌను మీదికి చూపు పోలేదు.

కత్తెరమాట
కనపడ్డాయండీ. అవి ఉండబట్టే ఆమె ఒంట్లో ఆ తేలికదనం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అది మనకి నచ్చాలని లేదు.

నలుపుతెలుపు గారికి ఒక ప్రశ్న. బొమ్మంతా ఎవెడాన్ బుర్రలోంచే వచ్చిందన్నారు కదా. ఆ తెల్ల పట్టీ సంగతేమిటి? అది ఎడమవైపుకి ఎగురుతూ ఉంటే గీత పూర్తయ్యేదని, అలా ఎందుకు చేయలేదో తనకే అర్థం కాదని ఆయనే తరవాత అన్నాడు. అంటే ఆయన దృష్టిలో అందులో తప్పుంది! దర్జీ కంటితో చూస్తే నాకు ఆ పట్టీ అలా బరువుగా, నిటారుగా దిగడమే బాగుంటుంది. సాటిన్ బరువు తెలుస్తుంది, చుట్టూ అంత కదలిక ఉన్నా ఆమె కదలడం లేదని తెలుస్తుంది. ఎగిరి ఉంటే సోప్ ప్రకటనలా ఉండేది. ఆయన అనుకోనిది కూడా ఫోటోలో ఉందంటే, ఆ భాగం ఎవరిది?

నలుపుతెలుపు
తీసింది, వాటిలోంచి ఏరింది ఆయనే కదా మేడమ్. అనుకోకుండా పడిన దాన్ని ఉంచుకోవడం కూడా పనే. అయినా పట్టీ గురించి మీరన్నది మా గ్రూపులో పెడతాను, అక్కడ ఎవరూ ఈ కోణంలో మాట్లాడలేదు.

పాతపత్రిక
ఖాతా అన్నారు కాబట్టి డబ్బు లెక్క కూడా చూద్దాం. 2010 నవంబరులో పారిస్‌లో క్రిస్టీస్ వేలంలో దీని పెద్ద ప్రింటు ఒకటి 8,41,000 యూరోలకు పోయింది. కొన్నది ఎవరనుకున్నారు? డియోర్ సంస్థే. తమ గౌనున్న బొమ్మని తామే కొనుక్కున్నారు. డొవీమా అప్పటికి ఇరవై ఏళ్ళ కిందటే, 1990లో ఫ్లోరిడాలో చనిపోయింది. చివరి రోజుల్లో ఒక పిజ్జా హోటల్లో వచ్చేవాళ్ళకి టేబుళ్ళు చూపించే ఉద్యోగం చేసింది.

ఫ్రేములోపల
మోడల్‌కి ఆ రోజు కూలీతో సరి, తీసినవాడికి కాపీరైట్. ఈ పద్ధతి న్యాయం కాదని ఒప్పుకుంటాను. కానీ డబ్బు అన్యాయంగా పంచారు కాబట్టి కళ కూడా సమానంగా పంచాలంటే నేను ఒప్పుకోను. అవి రెండూ వేరు.

కత్తెరమాట
సమానంగా అని నేనెక్కడన్నాను? పేరు రాయమన్నాను. ఆ ఫోటో పేరులోనే డొవీమా ఉంది కాబట్టి ఆమె మనకి గుర్తుంది. పేరు లేని ఫ్యాషన్ ఫోటోలు వేలున్నాయి, వాటిలో అమ్మాయిలెవరో ఎవరికి తెలుసు? మీ గోడ మీద "మోడల్: డొవీమా, గౌను: డియోర్ కోసం ఈవ్ సాంలోరాన్, ఫోటో: రిచర్డ్ ఎవెడాన్" అని వేయండి. అక్షరాల సైజు ఒక్కటే ఉండాలి.

నలుపుతెలుపు
మూడు పేర్లూ వేస్తాం. వరుస మాత్రం నేను ఒప్పుకోను, ఎవెడాన్ పేరు ముందుంటుంది. ఆదివారం మీటింగులో ఓటు పెడుతున్నాం. విజయవాడ చుట్టుపక్కలవాళ్ళు వచ్చి మాట్లాడొచ్చు, టీ మాదే.