రాత్రి ముహూర్తం, పగలంతా ఉపవాసం: పెళ్లికూతురికి ఎప్పుడేం పెట్టాలి?

సీతమ్మధార_చెల్లి:
మే నెలలో వైజాగ్‌లో అక్క పెళ్లి. బీచ్ రోడ్డు వైపు ఓపెన్ లాన్, సుముహూర్తం రాత్రి 1.40కి. పొద్దున్న మంగళస్నానం, సాయంత్రం 5 నుంచి మేకప్, 11కి గౌరీపూజ. ముహూర్తం దాకా అన్నం ముట్టకూడదంటున్నారు. కన్యాదానం చేసే అమ్మానాన్నలకీ ఉపవాసమే, నాన్నకి షుగర్. కళ్లు తిరగకుండా ఏం చెయ్యాలి?

పెళ్లిపనుల_పిన్ని:
ముందు ఉపవాసమంటే మీ ఇంట్లో ఏమిటో తేల్చుకోమ్మా. చాలా ఇళ్లలో అన్నమే వద్దంటారు. పాలు, పళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లకి అడ్డుండదు. కొందరు ఉప్పుడుపిండికీ ఒప్పుకుంటారు. పురోహితుడిగారిని నాలుగు రోజుల ముందే అడిగేయండి. పెళ్లినాడు ఆ వాదన మొదలైతే పిల్ల పస్తే.

ఉప్పుడుపిండికి ఒప్పుకుంటే మధ్యాహ్నం 12కి అదే పెట్టండి. గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్లు, గుప్పెడు నానిన పెసరపప్పు, నేతిలో ఆవాలు జీలకర్ర పోపు, ఎండుమిరపకాయ ఒక్కటే. పక్కన పెరుగు. పప్పు, పెరుగు ఉంటే ఆకలి నిలుస్తుంది. ఒట్టి పళ్లయితే తొందరగా అరిగిపోయి మళ్లీ నీరసం వస్తుంది.

అసలు తప్పకూడనిది 4.30 పూట: రెండు అరటిపళ్లు, గ్లాసు పాలు, పది బాదంపప్పులు. లిప్‌స్టిక్ పడ్డాక ఎవరూ నోరు తెరవరు. 8.30కి నాలుగు ఖర్జూరాలు, గౌరీపూజకి ముందు ఇంకో అరటిపండు ముక్కలుగా కోసి. ఆకలేసినప్పుడల్లా కాఫీ ఇవ్వకండి. ఖాళీ కడుపున పుల్లతేన్పులొస్తాయి, ఆపైన హోమం పొగ.

నర్సు_గాజువాక:
తిండికన్నా నీళ్ల దగ్గరే దెబ్బతింటారు. పట్టుచీర, వడ్డాణం, పూలజడతో బాత్రూమ్‌కి వెళ్లలేక నీళ్లే మానేస్తారు. మన ఊళ్లో మే నెల రాత్రి కూడా గాలిలో తేమకి చెమట ఆరదు. సముద్రపు గాలి తగిలినంత మాత్రాన ఒంట్లో నీరు పోవట్లేదనుకోకండి. పైగా గంటలు గంటలు పీటల మీద కూర్చుని ఒక్కసారి లేస్తే రక్తం కాళ్లలోకి దిగి బీపీ పడిపోతుంది, కళ్లు తిరిగేది అప్పుడే. లేచేముందు కాళ్లు చాపి వేళ్లు ఆడించమనండి.

పొద్దున్నుంచీ గంటకో గ్లాసు, స్ట్రాతో గుక్కగుక్కగా. దొరికితే మధ్యాహ్నం తాటిముంజలు. సాయంత్రం నుంచి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి ఉంచండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు చేతివాటంగా వెయ్యొద్దు, ఎక్కువైతే మేలు కన్నా కీడే. మధుపర్కాలు కట్టుకోడానికి లోపలికి వెళ్లినప్పుడు బాత్రూమ్ పని, అర గ్లాసు ఓఆర్‌ఎస్ రెండూ అక్కడే కానివ్వండి. ఆ విరామం మళ్లీ దొరకదు.

నాన్నగారి సంగతి వేరు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే పస్తున్న రోజు షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మాత్ర మీరే మానేయకండి, వారం ముందే డాక్టరుని అడిగి ఆ రోజు మోతాదు రాయించుకోండి. గ్లూకోమీటర్ మండపంలోనే ఉండాలి. చేతులు వణికినా, చెమట పట్టినా వెంటనే చూడండి. 70 కన్నా తగ్గితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

సీతమ్మధార_చెల్లి:
చాలా థాంక్సండీ. తంతులన్నీ అయ్యేసరికి తెల్లవారుజాము 4 దాటుతుంది. అప్పుడు బంతిలో కూర్చోబెట్టొచ్చా?

పెళ్లిపనుల_పిన్ని:
ఆ వేళప్పుడు గుత్తివంకాయ, బూరెలు, ఆవకాయ పడితే కడుపులో తిప్పుతుంది. పెరుగన్నం చాలు. మధ్యాహ్నమే కలిపి ఉంచొద్దు, ఈ ఎండలకి పాడైపోతుంది. వంటవాళ్లతో ఆఖరి వాయి అన్నం పొగలు కక్కుతుండగానే హాట్‌ప్యాక్‌లోకి తీయించి మూతపెట్టండి, పెరుగు ఐస్ పెట్టెలో వేరుగా. తినేముందే కలపాలి. పళ్లు, ఖర్జూరాలు, ఓఆర్‌ఎస్ అన్నీ ఒక సంచీలో సర్ది, ఆ సంచీ ఒక్కరి చేతిలోనే ఉంచాలి, ఫోటోలకి పరిగెత్తని వాళ్లెవరికైనా అప్పజెప్పండి.