మండువా ఇంట్లో అడ్డగోడ తీయవచ్చా? బలం చట్రంలో ఉందా, గోడలో ఉందా?

మూలాపేట ఆడపడుచు:
నెల్లూరు మూలాపేటలో మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు పంపకాల్లో నా వాటాకు వచ్చింది. మండువా చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలున్నాయి. స్తంభాల నుంచి బయటి గోడల దాకా దూలాలు, వాటి ఆధారంతో వాసాలు, వాసాల మీద పెంకులు ఉన్నాయి. దూలాల రెండో కొనలు సున్నపు గోడలోకి జానెడు దిగి ఉన్నాయి. పడమటి వైపు రెండు గదుల మధ్య ఉన్న అడ్డగోడ తీయించి, మా అమ్మ మంచానికీ చక్రాల కుర్చీకీ చోటు చాలేలా ఒకే హాలు చేసుకోవాలని నా ఆలోచన. ఇంజనీరు వచ్చి చూసి, బరువంతా స్తంభాలూ దూలాలూ కలిసిన చట్రమే మోస్తున్నదని, ఈ గోడ వట్టి తెర లాంటిదని, నిశ్చింతగా తీయించుకోమని చెప్పారు. మేస్త్రి మాత్రం ఆ గోడ మీద గునపం వేయనని తేల్చి చెప్పి, తీసుకున్న బయానా కూడా తిరిగి ఇచ్చి వెళ్లిపోయాడు. కారణం అడిగితే "అది పోతే ఇల్లు విప్పారుతుందమ్మా" అన్నాడే తప్ప అంతకు మించి చెప్పలేకపోయాడు. పాత కట్టడాల బలం చట్రంలో ఉంటుందా, గోడలో ఉంటుందా? తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత సివిల్, నెల్లూరు:
అమ్మా, ముప్ఫై రెండేళ్లు ఈ పనిలోనే గడిపినవాడిని కనుక సూటిగా చెబుతాను. మీ ఇంజనీరు చెప్పింది సరైన మాట. దూలాలు ఆ అడ్డగోడ మీద ఆనకుండా దానికి సమాంతరంగా పోతున్నప్పుడు, పైకప్పు బరువు ఆ గోడ మీదికి రానే రాదు. గోడే బరువు మోయాలంటే ఎంత లావు కావాలో షికాగోలోని మొనాడ్నాక్ భవనం చూపిస్తుంది. 1891లో పూర్తయిన దాని ఉత్తర భాగం పదహారు అంతస్తులు, ఆ ఇటుక గోడల మందం అడుగున ఆరడుగులు. అదే ఊళ్లో అంతకు ముందే, 1885లో, విలియం లె బారన్ జెన్నీ పది అంతస్తుల హోం ఇన్సూరెన్స్ భవనాన్ని ఇనుప చట్రం మీద నిలబెట్టాడు. ఆ తరువాత లోకమంతా చట్రం దారినే నడిచిందంటే కారణం ఒక్కటే: చట్రంలో ఏ కమ్మీ మీద ఎంత బరువు పడుతున్నదో కాగితం మీద లెక్క కట్టి చూపవచ్చు. మేస్త్రి భయాన్ని నేను తక్కువ చేయడం లేదు, కాని భయం లెక్కకు సాటి రాదు.

వడ్రంగి కొడుకు, కందుకూరు:
హోం ఇన్సూరెన్స్ భవనం గురించి మీరు సగమే చెప్పారు. దాని అడుగున రాతి దిమ్మెలూ, వెనుక వైపు ఇటుక గోడా బరువు మోసినవే. చట్రపు భవనాలన్నింటికీ తల్లి అని పేరు పొందిన ఆ కట్టడమే గోడను పూర్తిగా వదులుకోలేదు. ఇక లెక్కల సంగతికి వస్తే, ఇంగ్లండులో కోల్‌బ్రూక్‌డేల్ దగ్గర సెవెర్న్ నది మీద 1779లో నిలబెట్టిన ఇనుప వంతెనను గుర్తు చేస్తాను. పోత ఇనుముతో కట్టిన తొలి పెద్ద వంతెన అది. దాని అతుకులు చాలా మటుకు వడ్రంగం అతుకులే. ఒక చెక్క బెజ్జంలో మరో చెక్క కొనను, అంటే కుసిని, దూర్చి బిగించే పద్ధతినే వాళ్లు ఇనుముకూ వాడారు, ఎందుకంటే చట్రం కట్టడమంటే ఏమిటో అప్పటికి తెలిసినవాడు వడ్రంగి ఒక్కడే.

విశ్రాంత సివిల్, నెల్లూరు:
మీరు ఎత్తిన ఉదాహరణే నా మాటను బలపరుస్తున్నది. నూరడుగుల ఆ వంతెనకు దాదాపు 380 టన్నుల ఇనుము పట్టింది. అదే నది మీద, ఎగువన బిల్డ్‌వాస్ దగ్గర థామస్ టెల్ఫోర్డ్ 1796లో కట్టిన ఇనుప వంతెన అంతకంటే ముప్ఫై అడుగులు ఎక్కువ వెడల్పును దాటింది. అయినా దానికి పట్టిన ఇనుము మొదటిదానిలో సగం కూడా లేదు. ఎక్కడ ఎంత కావాలో ఆలోచించి కట్టినవాడికీ, చేతి అలవాటు కొద్దీ కట్టినవాడికీ ఉన్న తేడా అది.

నిలిచింది కాబట్టి నిలుస్తుందనే వాదం ఎంత ప్రమాదమో మన పక్కనే చూశాం. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. పగుళ్లు అంతకు ముందే కంటికి కనిపించాయి. అయిదు వందల ఏళ్లు నిలిచిందన్న ధీమా దాన్ని నిలబెట్టలేకపోయింది.

పొదలకూరు రోడ్డు:
ఆ గోపురం కూలిన రోజు మా నాయన అన్నం ముట్టలేదు. దాన్ని వాదనకు వాడుకోవడం చూస్తే మనసుకు కష్టంగా ఉంది.

విశ్రాంత సివిల్, నెల్లూరు:
నాకూ కష్టంగానే ఉంది, అందుకే ఎత్తాను. బరువు మోసే చట్రం ఒకటి, దాన్ని కప్పే పొర మరొకటి అన్న విభజనను ఇంకా తేటగా చూడాలంటే తొలి విమానాలను చూడండి. ఆక్టేవ్ చనూట్ రైలు వంతెనలు కట్టిన ఇంజనీరు. ఆయన 1896లో మిషిగన్ సరస్సు ఒడ్డున ఎగరేసిన జంట రెక్కల గ్లైడరుకు, 1844 నాటి ప్రాట్ వంతెన చట్రాన్నే తీసుకువచ్చి రెండు రెక్కల మధ్య నిలువు కర్రలు, ఏటవాలు తీగలు బిగించాడు. రైట్ సోదరులు ఆయనతో ఉత్తరాలు నడిపి, ఆ కట్టుబడినే తమ యంత్రానికి వాడుకున్నారు. 1903 డిసెంబరు 17న ఎగిరిన యంత్రం రెక్కలు ఆ చివరి నుంచి ఈ చివరికి 40 అడుగుల 4 అంగుళాలు, మనిషి లేకుండా దాని బరువు సుమారు 274 కిలోలు. బలమంతా స్ప్రూస్ అనే చెట్టు కర్రలోనూ ఉక్కు తీగల్లోనూ ఉంది. పైన కప్పిన నూలుగుడ్డ గాలిని పట్టడానికే తప్ప బలానికి కాదు. మీ అడ్డగోడ ఆ గుడ్డ లాంటిది.

చీరాల మగ్గం:
అయ్యా, మగ్గం మీద పుట్టి పెరిగినవాడిని, గుడ్డ సంగతి ఒక్కటి చెప్పి పోతాను. రైట్ సోదరులు ఆ గుడ్డను పడుగు పేకలు కర్రలకు సమంగా వచ్చేలా వేయలేదు, దారాలు రెండు వైపులా ఏటవాలుగా పోయేలా కత్తిరించి కుట్టారు. గుడ్డను పడుగు వెంట లాగితే సాగదు, పేక వెంట లాగినా సాగదు, మూల నుంచి మూలకు లాగితే మాత్రం సాగిపోతుంది. చట్రం ఒక పక్కకు ఒరిగేటప్పుడు పొడుగు పెరిగేది మూల నుంచి మూలకే కనుక, దారాన్ని ఆ దారిలో పెడితే ఆ ఒరుగుడును దారమే పట్టి ఆపుతుంది. వాళ్లు గుడ్డను అలా వేసింది కర్రల కట్టుకు అది తోడు నిలవాలనే. కాబట్టి గుడ్డ బలానికి కాదన్న మాట సరికాదు.

విశ్రాంత సివిల్, నెల్లూరు:
అది వివరం మాత్రమే. గుడ్డ బరువు మోయలేదన్న నా మాట మారదు.

వడ్రంగి కొడుకు, కందుకూరు:
చీరాల అన్న చెప్పింది నేను చిన్నప్పటి నుంచి కంటితో చూసిందే. నులక మంచం పట్టెలు నాలుగూ కోళ్లలోకి దిగగొట్టిన తరువాత, నులక అల్లకముందు, ఒక కోడు పట్టుకుని తోస్తే మంచం చతురస్రం కాస్తా ఒక పక్కకు ఒరుగుతుంది. నులక ఏటవాలుగా అల్లి బిగించాక అదే మంచాన్ని ఇద్దరు తోసినా కదలదు. నులక పట్టెల బరువూ మోయదు, కోళ్ల బరువూ మోయదు. దాన్ని విప్పితే మంచం ఆకారమే పోతుంది. మీరు బరువు మోయడం అన్న ఒక్క మాటను పట్టుకుని కూర్చున్నారు. కట్టడానికి రెండు పనులు ఉంటాయి, బరువు మోయడం ఒకటి, ఆకారం చెడకుండా పట్టి ఉంచడం రెండోది. విమానాల్లోనే చూస్తే, 1912 నాటి దెపెర్దుస్సాఁ మోనోకోక్ అనే విమానం ఒళ్లు పలచని చెక్క పొరలను అచ్చు మీద ఒకదానిపై ఒకటి అంటించి చేసింది. అక్కడ పై పొరే బలం. మీ విభజన ప్రకారం దాన్ని ఏమనాలి?

విశ్రాంత సివిల్, నెల్లూరు:
మంచాలతో ఇళ్ల లెక్క తేలదు. ఒక స్త్రీ తల్లి కోసం ఇల్లు మార్చుకోవాలని అడిగితే, వడ్రంగి పెట్టెలో ఉన్న సామెతలు బయటికి తీసి ఆమెను భయపెట్టడం న్యాయం కాదు. లెక్క రానివాళ్లు అనుభవం పేరు చెప్పి ప్రతి పనికీ అడ్డుపడటం వృత్తిలో అడుగుపెట్టిన నాటి నుంచీ చూస్తున్నాను.

వడ్రంగి కొడుకు, కందుకూరు:
లెక్క రానివాళ్లు అన్నారు కాబట్టి ఇప్పుడు చెబుతాను. ఇరవై ఆరేళ్ల కిందట మా పక్క ఊళ్లో ఇలాంటి పెంకుటింట్లోనే, ఇలాంటి అడ్డగోడనే, ఇవే మాటలు చెప్పి ఒక ఇంజనీరు తీయించాడు. పని మా నాయనది. వాసాలు బయటి గోడను తోస్తున్నాయని, అడ్డగోడ దాన్ని లోపలి నుంచి పట్టి ఉందని, ముందు ఏదో ఒక కట్టు వేయకుండా తీయవద్దని మా నాయన రెండుసార్లు చెప్పాడు. కాగితం మీద బరువు లేదని తేలిందన్నారు. గోడ తీశారు. కార్తీక మాసపు ముసురులో బయటి గోడ నానింది. ఒక తెల్లవారుజామున పడమటి గది పైకప్పు దిగబడింది. మనుషులు వసారాలో పడుకోవడం వల్ల బతికారు.

నేను మా నాయన వెంట వెళ్లి చూశాను. ఇంకా పడకుండా మిగిలిన దూలం కొన దగ్గర, ఏళ్ల తరబడి పొగ పట్టి నల్లబడిన టేకు మీద రెండు వేళ్ల వెడల్పున తెల్లటి పట్టీ ఉంది. అది అంతకు ముందు గోడలో దాగి ఉన్న భాగం. గోడ బయటికి ఒరిగిన మేరకు దూలం ఊడి వచ్చిన కొలత అది. మా నాయన దాని మీద వేలు పెట్టి నాకు చూపించాడే గాని ఎవరితోనూ ఏమీ అనలేదు. వడ్రంగి అతుకులు సరిగ్గా వేయలేదని ఊరంతా అన్నారు. ఆ ఏడాది నుంచి ఆయనకు ఇంటి పని ఎవరూ ఇవ్వలేదు, తలుపులు, మంచాలు చేస్తూనే పోయాడు. కాగితం మీద సంతకం చేసినవారిని మాత్రం ఎవరూ ఒక మాట అడగలేదు.

ఒంగోలు రాతిపని:
అన్నా, మీ నాయన మాట నిజం. రాతి పనిలోనూ తోపుడును పట్టి ఉంచేది చాలాసార్లు కంటికి పనిలేనిదిగానే కనిపిస్తుంది.

నిర్వాహకుడు:
సభ్యులు ఒకరి వృత్తిని మరొకరు తక్కువ చేయకుండా రాయాలని మనవి.

విశ్రాంత సివిల్, నెల్లూరు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. సామెతలన్న మాట నేను అనవలసింది కాదు, మీ నాయనగారిని తలుచుకుని ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను. అయితే ఒకటి మీరూ వినాలి. సంతకం చేసినవారిని ఎవరూ అడగలేదని మీరు అన్నారు, నా అనుభవం వేరు. నేను పెట్టిన ప్రతి సంతకం కింద ఎవరిదో ఒక కుటుంబం పడుకుంటుందన్న ఎరుకతోనే ఉద్యోగం చేశాను. మేస్త్రి నోటి మాట మీద పని ఆపితే, కారణం రాయమంటారు. "విప్పారుతుంది" అని రాస్తే ఏ పై అధికారీ ఒప్పుకోడు. అందువల్ల లెక్కకు అందని మాటను పక్కన పెట్టడం మాకు అలవాటైపోయింది. మనిద్దరి తగవు చట్రం గురించీ గోడ గురించీ కాదని నాకు ఇప్పుడు అర్థమవుతున్నది. ఎవరి మాటకు కాగితం మీద చోటుందన్నదే తగవు.

ఆ అడ్డగోడ పైకప్పు బరువు మోయడం లేదన్న మాటకు నేను ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. కాని ఆమె అడిగింది తీయవచ్చా అని, దానికి నేను బరువు లెక్క మాత్రమే చెప్పాను, తోపుడు లెక్క చెప్పలేదు. వాలు వాసం బయటికి తోస్తుందన్నది మొదటి ఏడాది పాఠం, దాన్ని రాయకపోవడం నా పొరపాటు. అమ్మా, మీరు పడమటి గోడ దగ్గర దూలాల కొనలు నిచ్చెన వేసి చూడండి, రంగు తేడా ఉన్న పట్టీ కనిపిస్తే ఎన్ని అంగుళాలో కొలిచి రాయండి.

వడ్రంగి కొడుకు, కందుకూరు:
మాస్టారూ, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. చెల్లెమ్మా, నిచ్చెనతో పాటు తూకపు గుండు కూడా తీసుకోండి. బయటి గోడ పై అంచు నుంచి దారం వదలండి, కింద గోడకూ దారానికీ ఎంత ఎడం వచ్చిందో చూడండి. గుండు ఊగడం ఆగేదాకా తొందరపడవద్దు.

మూలాపేట ఆడపడుచు:
ఈ రోజు మా తమ్ముణ్ణి నిచ్చెన ఎక్కించి చూపించాను. అడ్డగోడకు ఉత్తరాన ఉన్న దూలం దగ్గర ఏ తేడా లేదు. దక్షిణం వైపు మూడో దూలం దగ్గర మాత్రం ముప్పావు అంగుళం తెల్ల పట్టీ ఉంది. చాలా ఏళ్ల కిందట ఆ వైపున్న మరో అడ్డగోడను మా పెదనాన్న తీయించి బియ్యం బస్తాల గది చేశారని అమ్మ గుర్తు చేసింది. గుండు దారానికీ గోడ అడుగుకూ మధ్య ఎడం అంగుళంన్నర వచ్చింది.

విశ్రాంత సివిల్, నెల్లూరు:
అయితే గోడ మొత్తం తీయవద్దు. ముందు దక్షిణం వైపు మూడు దూలాలనూ బయటి గోడకు ఇనుప పట్టీలతో, గోడ వెలుపల పలక వేసి బిగించాలి. ఆ తరువాత అడ్డగోడ మధ్యలో చక్రాల కుర్చీ పట్టేలా మూడున్నర అడుగుల దారి తీసి, పైన లింటెల్ వేసి, రెండు పక్కలా గోడను ఉంచుకోండి. లెక్క నేను వేసి ఇస్తాను, దాని మీద సంతకం కూడా నాదే ఉంటుంది. మీ మేస్త్రి చెప్పిన కారణాన్ని కూడా అందులో రాస్తాను.

వడ్రంగి కొడుకు, కందుకూరు:
పట్టీకి మేకులు కొట్టించవద్దు, పాత టేకు నిలువునా చీలుతుంది. తొలిచే బర్మాతో బెజ్జం వేసి, బోల్టు బిగించాలి. ఆ పనికి నేను వస్తాను.

మూలాపేట ఆడపడుచు:
మేస్త్రికి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. శుక్రవారం పొద్దున వస్తానన్నాడు, బయానా మాత్రం పని మొదలయ్యాకే తీసుకుంటానన్నాడు.