యూజర్ ఐడీ లేకుండా వచ్చిన కీ రద్దును గ్నూపీజీ స్వీకరించాలా, వద్దా?

సర్వర్‌గది:

మా స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ బృందంలో ఒక సభ్యుడి ల్యాప్‌టాప్ పోయింది. అందులో ఆయన ఓపెన్‌పీజీపీ (ఫైళ్లు, మెయిళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే, వాటి మీద సంతకం చేసే ప్రమాణం) రహస్య కీ ఉంది. ఆ ప్రమాణానికి మేం వాడే ప్రోగ్రాము గ్నూపీజీ. అదృష్టవశాత్తు, కీ ఇక చెల్లదని చెప్పే రద్దు పత్రాన్ని ఆయన వేరేచోట భద్రపరిచారు కనుక, దాన్ని తన పబ్లిక్ కీకి చేర్చి, పబ్లిక్ కీలను అందరికీ పంచే కీస్.ఓపెన్‌పీజీపీ.ఆర్గ్ సర్వరుకు పంపించారు. మా అందరి సెట్టింగుల్లోనూ కీసర్వర్ అదే. ఆ తరువాత అందరం, సర్వరు నుంచి కీల తాజా స్థితి తెచ్చే రిఫ్రెష్-కీస్ ఆదేశం ఇచ్చాం. డెబియన్ లినక్స్ యంత్రాల్లో ఆ కీ పక్కన ‘రివోక్డ్’ అని తేదీతో సహా కనబడింది. విండోస్ మీద జీపీజీ4విన్ (గ్నూపీజీకి విండోస్ ప్యాకేజీ) వాడేవారి దగ్గర మాత్రం కీ ఇప్పటికీ చెల్లుతున్నట్టే ఉంది, దానికి ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ కూడా అవుతున్నాయి. కమాండ్ లైన్‌లో చూస్తే ‘నో యూజర్ ఐడీ’ (కీతో యజమాని పేరు, ఈమెయిల్ లేవు) అన్న ఒక్క వాక్యం, దాని కింద ప్రాసెస్ చేసినవి 1 అన్న లెక్క తప్ప మరేమీ రాలేదు. రద్దు సర్వరు దాకా చేరింది, అక్కడి నుంచి యంత్రం దాకా వచ్చింది, గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఇది ఎవరు సరిదిద్దాల్సిన లోపం? నా దృష్టిలో గ్నూపీజీదే.

మూలప్రతి:

సర్వర్‌గది గారూ, మీరు చూసిన తేడాకు కారణం వెర్షన్ నంబరు కాదు, ఆ గ్నూపీజీని ఎవరు బిల్డ్ చేశారన్నది. కీస్.ఓపెన్‌పీజీపీ.ఆర్గ్ 2019 జూన్‌లో మొదలైన నాటి నుంచి ఈమెయిల్ యజమాని నిర్ధారించనిదే పేరు, చిరునామా బయటపెట్టదు. రద్దయిన కీ విషయంలో ఇంకాస్త కఠినంగా ఉంటుంది, గుర్తింపు వివరాలన్నీ తీసేసి ఉత్త కీని, దాని మీది రద్దు సంతకాన్ని మాత్రమే ఇస్తుంది. గ్నూపీజీ అసలు బృందం విడుదల చేసే కోడు యూజర్ ఐడీ లేని కీని తీసుకోదు. డెబియన్ మాత్రం, కీరింగులో (యంత్రంలోని కీల నిల్వలో) ఇప్పటికే ఉన్న కీకి అలాంటి సమాచారం వస్తే కలుపుకొనేలా తన ప్యాకేజీకి సొంత ప్యాచ్ వేసుకుంది. జీపీజీ4విన్‌లో ఆ ప్యాచ్ లేదు.

ఇక తప్పెవరిది అంటారా, 2007 నవంబరులో వచ్చిన ఓపెన్‌పీజీపీ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 4880 చదవండి. బదిలీ చేయదగిన పబ్లిక్ కీలో కనీసం ఒక యూజర్ ఐడీ ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. ప్రమాణంలో లేని ఆకారంలో సమాచారాన్ని పంపింది సర్వరు, దాన్ని నిరాకరించింది ప్రోగ్రాము. బయటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ ఉదారంగా మింగే పద్ధతి ఎక్కడికి తీసుకెళ్లిందో అదే 2019 జూన్‌లో చూశాం కదా. ఎస్‌కేఎస్ అనే పాత తరహా కీసర్వర్లలో, ఓపెన్‌పీజీపీ సమాజానికి చెందిన రాబర్ట్ హాన్సెన్, డేనియల్ కాన్ గిల్‌మోర్‌ల కీల మీద ఎవరో చెత్త సంతకాలు గుట్టలుగా పోశారు, హాన్సెన్ కీ మీదైతే అవి సుమారు 1.5 లక్షలు. ఆ కీని దిగుమతి చేసుకున్నవారి గ్నూపీజీ పనిచేయకుండా పోయింది. మరుసటి నెలలో వచ్చిన గ్నూపీజీ 2.2.17 నుంచి, కీసర్వర్ల ద్వారా వచ్చే ఇతరుల సంతకాలను వదిలేయడం డిఫాల్టు అయింది. నిరాకరించే స్వభావం ఆ అనుభవం నేర్పింది.

పాతవెర్షన్:

వాదన కొనసాగించండి, ముందు ఆ విండోస్ యంత్రాలను సరిచేద్దాం. రద్దు పత్రాన్ని కీతో కలపకుండా విడి ఫైలుగా మెయిల్లో పంపి, అక్కడ ఇంపోర్ట్ చేయించండి. ఈ దారి గ్నూపీజీ 1.4 నుంచి 2.4 దాకా అన్ని శాఖల్లోనూ పనిచేస్తుంది. కీ ఆ కీరింగులో ముందే ఉండాలి, లేకపోతే ‘నో పబ్లిక్ కీ’ అంటూ రద్దును అన్వయించలేనని చెబుతుంది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. 2.1 నుంచి గ్నూపీజీ కీ తయారైనప్పుడే ఓపెన్‌పీజీపీ-రివోక్స్.డీ అనే ఫోల్డరులో రద్దు పత్రాన్ని తానే రాసి పెడుతుంది. పొరపాటున ఎవరూ ఇంపోర్ట్ చేయకుండా ‘బిగిన్’ వరుసలోని అయిదు గీతల ముందు ఒక కోలన్ పెడుతుంది. టెక్స్ట్ ఎడిటర్‌లో ఆ ఒక్క అక్షరం తీసేసేదాకా ఫైలు ఇంపోర్ట్ కాదు. 1.4తో తయారైన కీలకు ఈ ఫైలు దానంతట అది ఉండదు, యజమాని జెన్-రివోక్ ఆదేశంతో చేసుకొని ఉండాలి.

ఇంపోర్ట్ అయ్యాక కూడా పాత స్థితే కనబడితే, ఏ ప్రోగ్రాము ఏ ఫైలు చదువుతోందో చూడండి. 1.4 చదివేది పబ్‌రింగ్.జీపీజీని మాత్రమే. 2.1 తరువాత కొత్తగా మొదలుపెట్టిన వారి పబ్లిక్ కీలు పబ్‌రింగ్.కేబీఎక్స్‌లో ఉంటాయి. 2.4లో కీబాక్స్‌డీ అనే కీ నిల్వ సేవ వాడుకలో ఉంటే అవి వేరే డేటాబేసులోకి వెళ్తాయి, 2.2 వాటిని చూడలేదు. ఒకే యంత్రంలో రెండు వెర్షన్లున్న చోట ఒకదానిలో రద్దయిన కీ మరొకదానిలో బతికి ఉండటానికి మామూలుగా ఇదే కారణం. థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాము వాడేవారు మరింత గమనించాలి. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి అది ఆర్‌ఎన్‌పీ లైబ్రరీతో సొంత కీ నిల్వ పెట్టుకుంది కనుక, గ్నూపీజీలో చేసిన రద్దు థండర్‌బర్డ్‌కు తెలియదు, అక్కడ విడిగా ఇంపోర్ట్ చేయాలి.

సర్వర్‌గది:

పాతవెర్షన్ గారికి ధన్యవాదాలు. కోలన్ తీసేసి విడి ఫైలు పంపాం. ‘రివోకేషన్ సర్టిఫికెట్ ఇంపోర్టెడ్’ అన్న వాక్యం విండోస్ యంత్రాలన్నింటిలోనూ వచ్చింది.

ఆ విజయమే మూలప్రతి గారి వాదనను బలహీనపరుస్తోందని నా అభిప్రాయం. మేము పంపిన విడి ఫైలులో యూజర్ ఐడీ లేదు, కీ కూడా లేదు, ఉన్నది ఒకే ఒక్క 0x20 రకం సంతకం, అంటే కీ రద్దు సంతకం. గ్నూపీజీ దాన్ని ఏ అభ్యంతరమూ లేకుండా స్వీకరించింది. అదే సంతకం, బిట్టు కూడా మారకుండా, సర్వరు నుంచి కీతో కలిసి వస్తే తోసిపుచ్చింది. 0x20 సంతకాన్ని లెక్కకట్టేది రద్దవుతున్న కీ మీదనే, అందులో యూజర్ ఐడీకి పాత్రే లేదు. యజమాని ప్రధాన కీతో చేసిన ఆ సంతకం సరైనదో కాదో తేల్చడానికి కావలసినదంతా కీరింగులో ముందే ఉంది. చెక్కు ఆపమని ఖాతాదారు సంతకం చేసి రాసిన ఉత్తరాన్ని, సంతకం సరిపోలినా, కవరు మీద పేరు లేదని బ్యాంకు తిప్పి పంపినట్టుంది ఇది.

ఎస్‌కేఎస్ ఉదంతం కూడా ఇక్కడికి అతకదు. అక్కడ పోసినవి ఎవరైనా చేయగలిగిన పరాయి సంతకాలు. ప్రధాన కీ రద్దును ఆ కీ ఉన్నవారో, యజమాని ముందే నియమించిన రద్దుకర్తో తప్ప మరొకరు చేయలేరు. దొంగ చేశాడే అనుకుందాం, దొంగ చేతిలో పడిన కీ రద్దు కావడం వల్ల నష్టపోయేదెవరు?

మూలప్రతి:

సంతకం లెక్క గురించి మీరు చెప్పింది సరైనదే, ఒప్పుకుంటున్నాను. నా భయం రద్దు దగ్గర ఆగదు. యూజర్ ఐడీ లేని కీని కలుపుకోవడం మొదలుపెడితే కొత్త సబ్‌కీలు (ప్రధాన కీ కింద పనిచేసే ఉపకీలు), మారిన కాలపరిమితులు కూడా అదే దారిలో వస్తాయి. కీ ఎవరిదో చెప్పే ఆధారం లేకుండా ఎన్‌క్రిప్షన్ సబ్‌కీ మారిపోవడాన్ని నేను సమర్థించలేను. రద్దుకు మాత్రమే పరిమితమైన మినహాయింపు అయితే వ్యతిరేకించను. ప్రమాణం మాటకొస్తే, 2024 జూలైలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9580 ప్రకారం 6వ వెర్షన్ కీలకు యూజర్ ఐడీ తప్పనిసరి కాదు, కానీ గ్నూపీజీ ఆ ప్రమాణాన్ని అనుసరించడం లేదు, లిబ్రేపీజీపీ అనే వేరే ప్రమాణం దారిలో వెళ్తోంది. కాబట్టి మార్పు అటునుంచి వస్తుందని ఎదురుచూడకండి. 

గోదావరిగట్టు:

రద్దు మీదే ఇంత భారం వేయడం సరైనదేనా? కీకి ఏడాది గడువు పెట్టి, ఏటా పొడిగించుకుంటూ పోతే, రద్దు ఎవరికి అందినా అందకపోయినా ఆ కీ తనంతట తానే ఆగిపోతుంది. గడువును అన్ని వెర్షన్లూ గౌరవిస్తాయి.

సర్వర్‌గది:

గడువు మంచి అలవాటు, మా బృందం పాటిస్తోంది. అయితే రహస్య కీ, దాని పాస్‌ఫ్రేజ్ రెండూ దొరికినవాడు కొత్త స్వీయ సంతకం (కీ మీద అదే కీతో చేసే సంతకం) చేసి గడువును తానే పొడిగించగలడు. రద్దు అలా కాదు, ఒకసారి కీరింగులో చేరాక ఆ తరువాత చేసిన ఏ స్వీయ సంతకమూ దాన్ని తుడిచేయలేదు. యజమాని పోగొట్టుకున్న కీకి గడువు చాలు, దొంగ చేతికి చిక్కిన కీకి రద్దే కావాలి. ఆ రద్దును మోసుకొచ్చే దారి సన్నగిల్లడమే నా ఆందోళన.

పాతవెర్షన్:

మరో సంగతి అడగాలి. రద్దు పత్రంలో కారణం ఏమని ఉంది? గ్నూపీజీ తానే రాసి పెట్టే పత్రంలో కారణం ‘పేర్కొనలేదు’ అనే ఉంటుంది. ఆర్‌ఎఫ్‌సీ 4880 ప్రకారం కీ బయటపడిందన్న కారణంతో రద్దయితే పాత సంతకాలన్నీ అనుమానాస్పదం. మార్చుకున్నాం, విరమించుకున్నాం అన్న కారణాలైతే పాతవి చెల్లుతాయి. సెకోయా అనే మరో ఓపెన్‌పీజీపీ ప్రోగ్రాము ఈ తేడా పాటిస్తుంది, కారణం చెప్పని రద్దును కీ బయటపడినట్టే లెక్కిస్తుంది. అంటే మీ సభ్యుడు ఇంతకు ముందు సంతకం చేసిన విడుదలలు సెకోయాతో సరిచూసే వ్యవస్థల్లో ఇకపై నిలబడవు. ల్యాప్‌టాప్ పోయిన పరిస్థితిలో అది న్యాయమే, ఎందుకంటే సంతకం మీది తేదీని దొంగ తనకు నచ్చినట్టు వెనక్కి వేసుకోగలడు. పాత విడుదల ఫైళ్లను మరో సభ్యుడు తన దగ్గరున్న ప్రతులతో పోల్చి చూసి, తన కీతో మళ్లీ సంతకం చేసి పెట్టాలి. ఆ పని మొదలుపెట్టారా?

సర్వర్‌గది:

లేదండీ. ఇవాళే మొదలుపెడతాం, బిల్డు సర్వరులో ప్రతులు ఉన్నాయి.