ఇంగ్లండ్ వేలంలో మన విశాఖ దంతపు పెట్టె: పాడనా, వద్దా?

వన్‌టౌన్_వాసి:
నమస్కారం అండీ. మాది వైజాగ్ వన్‌టౌన్, ఇప్పుడు ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటున్నాం. ఇక్కడి ఒక వేలం సంస్థ వచ్చే వారం అమ్మే సామాన్ల జాబితా ఆన్‌లైన్‌లో పెట్టింది. ఓక్ బీరువాలు, గోడ గడియారాలు, వెండి టీ సెట్ల మధ్యలో ఒక చిన్న పెట్టె. కింద ‘విజగపటం, సుమారు 1850’ అని రాసుంది. మన ఊరి పేరు అక్కడ కనబడేసరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పెట్టె అడుగు పొడవు ఉంటుంది. పైనంతా గాడులు గాడులుగా జింక కొమ్ము పలకలు, అంచుల్లో సన్నటి తెల్ల పట్టీ, ఆ పట్టీ మీద నల్లటి తీగా ఆకులూ. లోపల గంధపు చెక్కతో చేసిన కుట్టుసామాను అరలు. ఒక అరకి మూత లేదు. అంచనా ధర 300 నుంచి 500 పౌండ్లు. దీన్ని కొని వైజాగ్‌లో అమ్మానాన్నల ఇంట్లో పెట్టాలని నా కోరిక. ఇది నిజంగా మన ఊళ్లో చేసిందేనా? ఎంతవరకు పాడొచ్చు? ఇండియా తీసుకెళ్లనిస్తారా? ఇంతవరకు ఎప్పుడూ వేలం పాడలేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

పాతచెక్క_పనివాడు:
తమ్ముడూ, నేను బర్మింగ్‌హామ్‌లో పాత పెట్టెలు, బల్లలు బాగుచేసే షాపులో పనిచేస్తాను. విశాఖ పెట్టెలు మా బల్ల మీదికి అప్పుడప్పుడు వస్తుంటాయి. ఏది వచ్చినా మిగతా పని పక్కన పెట్టి ముందు దాన్ని పట్టుకుంటాను.

ఫొటో చూస్తే మన ఊరి పనిలాగే ఉంది. ఇక్కడి జాబితాల్లో మూడు ఊళ్ల పెట్టెల్ని కలిపేస్తుంటారు. ముళ్లపంది ముళ్లు వరసగా పేర్చి ఉంటే అది సిలోన్‌లోని (ఇప్పటి శ్రీలంక) గాలె ఊరి పెట్టె. దంతం, తగరం, రంగు చెక్కల చిన్న చిన్న ముక్కలతో నక్షత్రాలు కూర్చి ఉంటే బొంబాయి పని. మనవాళ్ల పని వేరు. దంతాన్ని పలచటి రేకులుగా కోసి, వాటి మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి, పైపైన గీకి నునుపు చేస్తారు. లక్క గీతలో మాత్రమే నిలుస్తుంది.

వేలానికి ముందు సామాను చూడటానికి ఒక రోజు తలుపులు తెరుస్తారు, తప్పకుండా వెళ్లు. ఫోన్ లైటు పట్టీకి ఏటవాలుగా పట్టుకుని చూడు. అసలు పనైతే ప్రతి నల్ల గీతా చిన్న కాలువలా లోతుగా కనబడుతుంది, అక్కడక్కడ లక్క రాలిపోయి తెల్లగా ఉంటుంది. గీత లోతు లేకుండా పైనే సిరాలా కూర్చుని ఉంటే ఆ ముక్క తర్వాత ఎవరో అతికించింది. తెల్ల ముక్కలో సన్నటి నల్ల చుక్కలు, చిన్న రంధ్రాలు కనబడితే అది ఎముక. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకు, వస్తువు పాడవుతుంది.

రెండోది, ఇక్కడి ఇళ్లలో చలికాలం హీటర్ల వేడికి లోపలి గంధపు చెక్క ముడుచుకుపోతుంది. పైన ఉన్న దంతం, కొమ్ము దానితో పాటు ముడుచుకోవు, అందుకే అంచులు లేచిపోతాయి. వేలితో మెల్లిగా తట్టి చూడు, డొల్ల శబ్దం వచ్చిన చోట జిగురు వదిలేసినట్టు. లోపలి ఒక అరకి మూత లేకపోవడం పెద్ద లోపం కాదు. అంచు పట్టీలు లేచి విరిగి ఉంటే మాత్రం బాగుచేయడానికి ఖర్చు ఎక్కువ.

ధర విషయానికి వస్తే, 400 దగ్గర పాట ఆగిందనుకో. దాని మీద సంస్థవాళ్లు బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాళ్ల దగ్గర తీసుకునే కమిషన్, వేస్తారు, చిన్న ఊళ్లలో 25 శాతం మామూలే. ఆ వంద మీద వ్యాట్ పన్ను ఇంకో 20. మొత్తం 520. ఆన్‌లైన్‌లో పాడితే ఆ వెబ్‌సైటు వాళ్లు కూడా కొంత తీసుకుంటారు. కాబట్టి నీ జేబులోంచి పోయే మొత్తం ముందు అనుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకో.

గంధంచెట్టు:
సాటి విశాఖవాసిగా చెబుతున్నా, ఏనుగు దంతం ఏ రూపంలో ఉన్నా కొనకండి. గిరాకీ ఉన్నంతకాలం ఎక్కడో ఏనుగు చస్తూనే ఉంటుంది. పాతదని చెప్పి కొత్తది అమ్మేవాళ్లకు మనమే దారి ఇస్తున్నాం.

పాతచెక్క_పనివాడు:
మీ బాధ నాకూ ఉంది అండీ. ఇక్కడ చట్టం వచ్చిందే అందుకు. 2018లో దంతం చట్టం చేశారు, 2022 జూన్ 6 నుంచి అమలులో ఉంది. దంతం అమ్మకం మామూలుగా నిషేధం. 1947కు ముందు చేసిన వస్తువై, దంతం మొత్తం పరిమాణంలో పదో వంతు కన్నా తక్కువుంటే, ప్రభుత్వం దగ్గర నమోదు చేసి అమ్ముకోవచ్చు. ఈ పెట్టెలో దంతం అంచు పట్టీలు మాత్రమే కనబడుతోంది కాబట్టి ఆ లెక్కలోకి రావచ్చు. అదే పెట్టె అంతా దంతపు రేకులతో కప్పి ఉంటే కథ వేరు, అలాంటిది చాలా గొప్ప కళాఖండమని నిపుణులు ధ్రువీకరిస్తేనే అమ్మాలి, అదీ 1918కి ముందుదైతేనే. తమ్ముడూ, నమోదు నంబరు జాబితాలో ఉందో లేదో చూడు. లేకపోతే ఫోన్ చేసి అడుగు. ‘పర్లేదు’ అని దాటవేస్తే ఆ పెట్టె జోలికి వెళ్లకు. రేపు నువ్వు అమ్మాలన్నా మళ్లీ కొత్తగా నమోదు చేయించాల్సిందే.

నా మటుకు నాకు, మనవాళ్లు చెక్కిన పనిని చెత్తబుట్టలో వేయడం కన్నా ఎవరో ఒకరు జాగ్రత్తగా దాచుకోవడం మేలు.

మద్రాసు_లాయరు:
ఇండియా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. తీసుకెళ్లే ఆలోచన వదిలేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం ఆగింది, 1991 సవరణతో ఆఫ్రికా దంతం కూడా. జింక కొమ్ముకూ అదే చట్టం వర్తిస్తుంది. అంతర్జాతీయంగా, అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం ఉంది. సూట్‌కేసులో పెట్టుకెళ్తే కస్టమ్స్ దగ్గర వస్తువు పోతుంది, మీ మీద కేసూ పడుతుంది. ‘తాతగారిది’ అని చెప్పినా లాభం లేదు.

వన్‌టౌన్_వాసి:
అందరికీ చాలా థాంక్స్. ఈ రోజు వెళ్లి చూసొచ్చాను. నమోదు నంబరు చూపించారు. లైటు ఏటవాలుగా పట్టి చూస్తే గీతలన్నీ లోతుగానే ఉన్నాయి, వెనక వైపు ఒక జానెడు పట్టీ మాత్రం కొత్త ముక్క, దాని మీద గీతలు సిరాతో వేసినవే. మూత తీయగానే ఇప్పటికీ గంధం వాసన వస్తోంది. ఇండియా ఆశ వదిలేశాను. అమ్మానాన్న వేసవికి ఇక్కడికే వస్తారు, అప్పుడు చూపిస్తాను. అన్నా, ఆ అతుకు వల్ల ధర ఎంత తగ్గించి పాడాలి?

పాతచెక్క_పనివాడు:
వెనక వైపే కాబట్టి భయం లేదు. నేనైతే 350 దాటను. అన్నీ కలిపి 455 అవుతుంది. హాల్లో కూర్చుంటే మన ఊరి వస్తువని చెయ్యి పైకి లేచిపోతుంది, అందుకే 350 అని కాగితం మీద రాసి వాళ్లకిచ్చి ఇంటికొచ్చెయ్. నీ తరఫున వాళ్లే పాడతారు. వస్తే ఆ పెట్టెను హీటరుకు, కిటికీ ఎండకు దూరంగా పెట్టు. పట్టీలు అంటించే పని నాకు పంపు.

చరిత్ర_పిచ్చి:
వేసవికి అమ్మానాన్నలు వచ్చినప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి తీసుకెళ్లండి. విశాఖలో చేసిన దంతపు పని ఫర్నిచరు వాళ్ల సేకరణలో ఉంది. ఏవి ప్రదర్శనలో ఉన్నాయో వెళ్లేముందు వాళ్ల వెబ్‌సైటులో చూసుకోండి. ఈ పనితనానికి పేరు ఎప్పటిదో తెలుసా? 1756లో అటు వచ్చిన మేజర్ జాన్ కార్నీల్ అనే బ్రిటిష్ సైనికాధికారి విశాఖలోని ఈ పొదుగుడు పనిని మెచ్చుకుంటూ రాసిపెట్టాడు. అప్పట్లో ఈస్టిండియా కంపెనీ దొరల కోసం నల్లచెక్కలో దంతం పొదిగి కుర్చీలు, అల్మరాలు చేసేవాళ్లు. మీ పెట్టె ఆ తర్వాతి తరాల పని. పాట ఏమైందో ఇక్కడ రాయండి.