డాలస్ కార్తీక వనభోజనాలు: శనివారం పార్కు డే పాస్‌లు అయిపోయాయి, అందరూ వెంటనే చూడండి

కార్యదర్శి, సోమవారం రాత్రి 8:42
అందరికీ నమస్కారం. పనుల జాబితా సంగతి రేపు చూద్దాం. శుక్రవారం మన ఆర్‌వీలు, అదే వంటిల్లు, పడకలు ఉండే బండ్లు, ఎన్నింటికి లోపలికి రావచ్చో కనుక్కుందామని ఇవాళ సాయంత్రం పార్కు ఆఫీసుకి ఫోన్ చేశాను. మాటల్లో మొత్తం 146 మందిమి అన్నాను. అవతల ఆవిడ ఒక్క నిమిషం అని లైన్లో ఉంచి మళ్ళీ వచ్చింది. ఆర్‌వీలు నిలుపుకుని రాత్రి ఉండే సైట్లు మనవి 10. సైటుకి 8 మంది చొప్పున 80 మంది. పగటిపూట వచ్చి వెళ్ళే మిగతా 66 మందికి డే పాస్‌లు ఉండాలి. శనివారం డే పాస్‌లు మొత్తం అయిపోయాయట. పాస్ లేకుండా గేటు దగ్గరికి వస్తే వెనక్కి పంపక తప్పదని మర్యాదగానే చెప్పింది. మూడు రకాలుగా అడిగి చూశాను, లాభం లేదు. ఇంకా నాలుగు రోజులే ఉంది. ఏం చేద్దామో చెప్పండి.

వంటల బృందం, రాత్రి 8:51
అయ్యో అక్కా. 146 మందికి సరిపడా సరుకులు నిన్ననే తెచ్చేశాం. బియ్యం 20 పౌండ్ల బస్తాలు రెండు, వంకాయలు రెండు పెట్టెలు, చింతపండు, పెరుగు అన్నీ వచ్చేశాయి. చింతపండు నానబెట్టడం కూడా అయింది.

కోశాధికారి, రాత్రి 8:58
డే పాస్‌లు జాబితాలో 4వ పని. పక్కన ఎవరి పేరూ లేదు. ఎవరు తీసుకోవాలి?

పిల్లల ఆటలు, రాత్రి 9:03
అన్నా, సైట్లన్నీ బాబాయి గారే చూసుకున్నారు కదా, పాస్‌లు కూడా ఆయనే తీసుకుని ఉంటారనుకున్నాను.

కోశాధికారి, రాత్రి 9:10
అనుకున్నాను, అనుకున్నాను! ఇప్పుడు ఆ 66 మందికి ఏం చెప్పాలి? డబ్బులు కట్టించుకుంది నేను. రేపు పొద్దున మోగేది నా ఫోను. ఎప్పటిలాగే గుడి వెనక పెట్టుకుందామని మొదట్లోనే చెప్పాను, ఎవరూ వినలేదు. ఆర్‌వీలు, క్యాంపింగు అని ఎవరు మొదలుపెట్టారో అందరికీ తెలుసు. వాళ్ళకి ఊళ్ళు తిరగడం సరదా, ఇక్కడ టెన్షన్ మాకు.

అధ్యక్షులు, రాత్రి 9:14
మాట జాగ్రత్త. పెద్దవాళ్ళు చదువుతున్నారు.

కోశాధికారి, రాత్రి 9:15
చదవనివ్వండి.

ఆర్‌వీ బాబాయి, రాత్రి 10:20
ఇప్పుడే చూశాను. పొద్దున ఫీనిక్స్‌లో అమ్మాయి వాళ్ళింటి నుంచి బయల్దేరి న్యూ మెక్సికోలో లార్డ్స్‌బర్గ్ దగ్గర ఆగాం. సైట్లు కుదిర్చింది నేనే, ఒప్పుకుంటాను. పాస్‌లు తీసుకోమని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇదంతా నా వల్లే అనుకుంటే చెప్పండి, పొద్దున్నే బండి వెనక్కి తిప్పేస్తాను. ఇంకో వారం ఉండమని మనవరాలు ఏడ్చింది కూడా.

రవాణా, రాత్రి 10:26
బాబాయి గారూ, అలా అనకండి. దయచేసి.

ఆర్‌వీ పిన్ని, మంగళవారం ఉదయం 5:35
నేను ఇందులో ఎప్పుడూ రాయను. రాత్రంతా మీ బాబాయి నిద్రపోలేదు కాబట్టి రాస్తున్నాను. ఆ పార్కు వాళ్ళు ఐదు నెలల ముందు సైట్లు తెరుస్తారు. ఆ రోజు ఈయన తెల్లవారకముందే లేచి, పది కుటుంబాల వాళ్ళకీ ఫోన్లు చేసి నిద్రలేపి, ఒక్కొక్కరి చేత పక్కపక్క సైట్లు పట్టించారు. తొలిసారి ఆర్‌వీ అద్దెకు తీసుకుంటున్న ఆరు కుటుంబాలకి, 30 ఆంపుల ప్లగ్గు మీద ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుందని బొమ్మ గీసి మరీ చెప్పారు. సరదాకి ఇంత పని ఎవరూ చేయరు బాబూ. డబ్బు విషయంలో నీ కంగారు నాకు అర్థమైంది, 66 మందికి జవాబు చెప్పాల్సింది నువ్వే. కానీ మేం కూడా మీలో వాళ్ళమే అనుకుని 1,000 మైళ్ళు వస్తున్నాం. ఇప్పుడు బండి తూర్పుకే బయల్దేరుతోంది. ఇవాళ రాత్రికి టెక్సాస్‌లో వాన్ హార్న్ చేరతాం. ఈలోగా మీరు చోటు వెతకండి.

కోశాధికారి, ఉదయం 7:02
పిన్ని గారూ, బాబాయి గారికి ఇప్పుడే ఫోన్ చేశాను, సిగ్నల్ లేనట్టుంది. రాత్రి నేను రాసింది తప్పు. ఎల్ పాసో దాటాక మళ్ళీ చేస్తాను.

కార్యదర్శి, ఉదయం 9:30
పొద్దుటి నుంచి అయిదు చోట్ల అడిగాను. సిటీ పార్కుల్లో షెడ్లన్నీ శనివారానికి ఇచ్చేశారు. గుడిలో ఆ రోజు పెళ్ళి ఉంది. పార్కులో రెండు విడతలుగా భోజనం పెడదామంటే, సైటుకి 8 మంది అన్నది పగలు వచ్చేవాళ్ళతో కలిపేనట.

వంటల బృందం, ఉదయం 9:41
66 మందికి డబ్బులు తిరిగిచ్చేసి, ఆర్‌వీల వాళ్ళతోనే కానిచ్చేద్దామా?

అధ్యక్షులు, ఉదయం 9:44
వద్దు. ఆ 66లో ఎక్కువమంది ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, చంటిపిల్లల తల్లులు. రాత్రి క్యాంపింగులో ఉండలేకే పగలు వస్తామన్నారు. కార్తీకమాసంలో పిలిచి వద్దనడమా?

ఆబ్రీ నుంచి, ఉదయం 10:15
నేను ఈ కమిటీలో లేను, మా వదిన చెప్తే చేరాను. ఆబ్రీలో మా ఇంటి వెనక మూడెకరాల ఖాళీ స్థలం ఉంది. పార్కు నుంచి 35 నిమిషాలు. రెండు పెద్ద ఓక్ చెట్లున్నాయి, నీడకి లోటు లేదు. అయితే మూడు విషయాలు. ఒకటి, మాది సెప్టిక్ ట్యాంకు, 146 మందిని మా బాత్రూములు మోయలేవు. రెండు, పక్కవాళ్ళ గుర్రాలు కంచె దాకా వస్తాయి, మైకు పెట్టి పాటలు వేస్తే బెదురుతాయి. మూడు, కరెంటు గరాజులో రెండు ప్లగ్గులే ఇవ్వగలను, 20 ఆంపులవి. ఇవి సరే అనుకుంటే వచ్చేయండి.

కార్యదర్శి, ఉదయం 10:17
సరే ఏమిటండీ! ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.

సాంస్కృతికం, ఉదయం 10:40
మరి మైకు లేకపోతే అంత్యాక్షరి, పిల్లల పాటలు? స్పీకర్లు తెస్తానని మాటిచ్చినవాళ్ళు ఉన్నారు.

అధ్యక్షులు, ఉదయం 10:43
చెట్టు కింద గుండ్రంగా కూర్చుని పాడితే వినబడుతుందమ్మా.

వంటల బృందం, ఉదయం 11:05
20 ఆంపులంటే 2,400 వాట్లు. పెద్ద రైస్ కుక్కర్ ఒక్కో ప్లగ్గుకి ఒకటే. రెండు కుక్కర్లతో 146 మందికి ఎప్పటికి వండేది? మనం అనుకున్న కట్టెల పొయ్యి కూడా కుదరదు. కౌంటీలో మంటల మీద నిషేధం ఉంది, కట్టెలూ బొగ్గులూ వద్దు, గ్యాసు పొయ్యి వరకైతే ఫరవాలేదన్నారు. ఇప్పుడు మాకు టెన్షన్ పట్టుకుంది.

ఆర్‌వీ బాబాయి, మంగళవారం రాత్రి 8:05
వాన్ హార్న్ చేరాం. దారంతా ఎదురుగాలి, బండి కాస్త ఊగింది, అంతకు మించి ఇబ్బంది లేదు. కోశాధికారి అబ్బాయి ఫోన్ చేశాడు, మాట్లాడుకున్నాం. ఆ సంగతి అయిపోయింది, ఇక దాని గురించి ఎవరూ రాయొద్దు.

వంట గురించి చెప్తాను. అక్టోబరులో మేం ఆల్బకర్కీలో వేడిగాలి బెలూన్ల పండగకి, బెలూన్ ఫియస్టాకి, వెళ్ళాం. మా ఆర్‌వీ బృందం వాళ్ళంతా బండ్లతో వచ్చి కలుసుకోవడం అక్కడే పెట్టుకున్నారు. మాకిచ్చిన చోట కరెంటు లేదు, నీళ్ళ గొట్టం లేదు, మురుగు గొట్టం లేదు. అయిదు రోజులు ఉన్నాం. తెల్లవారుజామున బెలూన్లు గాల్లోకి లేస్తుంటే మీ పిన్ని మా పొయ్యి మీదే 24 మందికి ఉప్మా చేసి పెట్టింది. బండిలో గ్యాసు ఉంది, ట్యాంకులో నీళ్ళున్నాయి, ఫ్రిజ్ కూడా గ్యాసు మీద నడుస్తుంది. మనకి ఇంకేం కావాలి?

అందుకని నా ఆలోచన ఇది. రాత్రి మకాం పార్కులోనే ఉంచుదాం, అది ఎలాగూ కట్టేశాం. శనివారం తెల్లారి మా బండితో పాటు ఇంకో రెండు ఆర్‌వీలు ఆబ్రీకి వస్తాయి. అవే మన వంటిళ్ళు. మిగతా ఏడు పార్కులోనే ఉంటాయి, ఆ కుటుంబాలు కార్లలో వస్తాయి. వచ్చే మూడు బండ్లవాళ్ళు శుక్రవారం రాత్రే నీళ్ళ ట్యాంకు నింపుకోండి. మాది 40 గ్యాలన్లు, అద్దె బండ్లవి కూడా ఇంచుమించు అంతే. పొద్దున కదిలే ముందు పార్కులోని డంప్ స్టేషన్‌లో మురుగు ట్యాంకులు ఖాళీ చేయండి. బండి నడుస్తుండగా గ్యాసు కట్టేసి ఉంచాలి, ఇది మర్చిపోవద్దు. గిన్నెలు కడిగిన నీళ్ళు ఆబ్రీ వాళ్ళ నేల మీద వదలొద్దు, ట్యాంకులోనే ఉంచి తిరిగి పార్కుకి తెచ్చి పోద్దాం. బండ్లలో టాయిలెట్ పిల్లలకీ ముసలివాళ్ళకీ తప్ప ఎవరికీ వద్దు, తొందరగా నిండిపోతుంది.

ఆబ్రీ బాబూ, ఈ మధ్య మీ దగ్గర వాన పడిందా? మా బండి 12,000 పౌండ్లు. నేల మెత్తగా ఉంటే చక్రాలు దిగబడతాయి.

ఆబ్రీ నుంచి, రాత్రి 8:30
మూడు వారాలుగా చినుకు లేదండీ. అయినా చక్రాల కింద వేయడానికి మా దగ్గర మందం ప్లైవుడ్ ముక్కలు ఉన్నాయి, గేటు దగ్గర పెట్టిస్తాను.

కోశాధికారి, బుధవారం ఉదయం 6:50
డబ్బు లెక్క. పోర్టబుల్ టాయిలెట్లు రెండు, బల్లలు, కుర్చీలు అద్దె కలిపి 430 డాలర్లు. డే పాస్‌ల కోసం పక్కన పెట్టింది కలుపుకుంటే చేతిలో 265 ఉంది. 165 తక్కువ. కట్టెల పొయ్యికి మాట్లాడిన పెద్ద గుండిగలు ఇప్పుడు అక్కర్లేదు, ఆ అద్దె 90 మిగులుతుంది. ఇంకా 75 కావాలి. అది నేను వేశాను. టాయిలెట్లకి ఆర్డర్ ఇచ్చేశాను, శనివారం 8 గంటలకల్లా దింపుతారు. 66 మందికీ నేనే ఫోన్లు చేస్తున్నాను, ఇప్పటికి 11 ఇళ్ళు అయ్యాయి. అందరూ వస్తున్నారు.

రవాణా, ఉదయం 7:15
జాబితాలో 9వ పని, గేటు దగ్గర స్వాగత తోరణం, నాది. అది ఇంకా ఉందా?

రవాణా, ఉదయం 11:40
సరే, నేను ఆబ్రీ రోడ్డు దగ్గర నిలబడి కార్లు చూసుకుంటాను. రోడ్డు పక్కన ఎవరూ ఆపొద్దు, అన్నీ లోపలికే.

ఆర్‌వీ పిన్ని, బుధవారం రాత్రి 9:10
అబిలీన్ వచ్చాం. వంటల అమ్మాయిలూ, పులిహోర అక్కడ మొదటి నుంచి చేయాలనుకోకండి. చింతపండు గుజ్జు నూనె తేలేదాకా శుక్రవారం ఇంట్లోనే ఉడికించి డబ్బాల్లో పోసి తీసుకురండి. పోపు కూడా ఇంట్లోనే వేయించండి, పల్లీలు మాత్రం విడిగా తేవాలి, కలిపితే మెత్తబడతాయి. అక్కడ అన్నం ఒక్కటే వండుదాం. మూడు బండ్ల పొయ్యిల మీద, గరాజు ప్లగ్గుల మీద కలిపి అయిదు గిన్నెలు ఒకేసారి పడతాయి. అన్నం దుప్పటి మీద ఆరబోసి, వేడి తగ్గాక గుజ్జు కలపండి. గుత్తివంకాయ వద్దు, ముక్కలు కోసి వేపుడు చేద్దాం, అంతమందికి కూరడం ఆ చిన్న వంటింట్లో కాదు.

వంటల బృందం, రాత్రి 9:18
అలాగే పిన్ని గారూ. ఇంగువ మీరు తెస్తారా?

ఆర్‌వీ పిన్ని, రాత్రి 9:20
నా దగ్గర ఉంది. కరివేపాకు మీరే తేవాలి. ఆ మొక్కని రాష్ట్రాలు దాటించకూడదు, నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దాని మీద కూడా బతుకుతుంది. అందుకే మాది ఫ్రిస్కోలోనే వదిలి వచ్చాను, ఉసిరి కుండీ పక్కన. ఉసిరి ఎలా ఉంది?

ఫ్రిస్కో నుంచి, రాత్రి 9:34
మొన్న రాత్రి చలికి ఆకు చాలా రాల్చింది పిన్నీ. భయమేసి గరాజులోకి మార్చాను. పై కొమ్మలు రెండూ పచ్చగానే ఉన్నాయి, ఇప్పుడే వేలితో గీరి చూశాను, లోపల తడి ఉంది.

ఆర్‌వీ పిన్ని, రాత్రి 9:36
అయితే బతికే ఉంది. ఆ రెండు కొమ్మలు చాలు. నీళ్ళు ఎక్కువ పోయకు.

సాంస్కృతికం, గురువారం సాయంత్రం 6:20
బాబాయి గారి బండి డాలస్ చేరింది. ఇప్పుడే చూసొచ్చాం. పిన్ని గారు అలసిపోయారు గానీ కాఫీ పెట్టి పంపించారు.

కార్యదర్శి, శుక్రవారం రాత్రి 10:05
పార్కులో పది ఆర్‌వీలూ చేరాయి. పది నుంచి ఇక్కడ శబ్దం చేయకూడదు, అందరూ పడుకుంటున్నారు. మూడు బండ్ల నీళ్ళు నిండాయి. ఆబ్రీ అడ్రసు అన్ని ఇళ్ళకీ పంపాను. దీపాలు స్టీలు పళ్ళేల్లోనే పెట్టాలి, ఎండుగడ్డి మీద వద్దు, పక్కన ఒక బకెట్ నీళ్ళు ఉండాలి. ఉసిరి కుండీ 9 గంటలకు వస్తుంది.

ఆబ్రీ నుంచి, శనివారం ఉదయం 6:10
గేటు తీశాను. ప్లైవుడ్ వేసి ఉంచాను. టార్చి పట్టుకుని నిలబడ్డాను, నెమ్మదిగా రండి.

ఆర్‌వీ బాబాయి, ఉదయం 6:48
మూడు బండ్లూ లోపలికి వచ్చాయి. గ్యాసు తెరిచాను. బియ్యం కడగడం మొదలుపెట్టండి.