పెద్దమనుషుల కాగితంలో "ఇక ఏమీ అడగను" అని రాసిస్తే భరణం రాదా?

ప్రశ్న (నకిరేకల్ దగ్గరి ఊరు):
అందరికీ నమస్కారం. ఇది మా చెల్లె విషయం. ఆరేళ్ల పాప ఉంది. రెండేళ్ల కింద పెద్దమనుషుల్లో కూర్చుని బాండు పేపర్ మీద విడాకుల కాగితం రాసుకున్నారు. మూడు లక్షలు ఇచ్చి, "నాకు గానీ పాపకు గానీ ఇక ఏ హక్కూ లేదు, కోర్టుకు పోను" అని చెల్లెతో సంతకం చేయించారు. ఆ డబ్బు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు పాప స్కూల్ ఫీజు కట్టడమే కష్టంగా ఉంది. బావకు సొంత డీసీఎం (సరుకులు తోలే బండి) ఉంది. బత్తాయి తోట వాళ్ల నాన్న పేరు మీద ఉంది, చూసుకునేది మాత్రం ఈయనే. అడిగితే "నేను డ్రైవర్ని, నెలకు పది వేలు కూడా మిగలవు, కాగితం తీసి చదువుకోండి" అంటున్నాడు. కోర్టుకు పోతే ఏమన్నా వస్తుందా? జీతంలో నాలుగో వంతు ఇప్పిస్తారని ఒకరు, మూడో వంతు అని ఒకరు చెప్తున్నారు.

జవాబు (నల్గొండ, వకీలు):
తమ్మీ, ముందు ఆ కాగితం సంగతి. హిందువులైతే, మీ కులంలో అలా విడిపోయే ఆచారం ఉందని రుజువు చేయగలిగితే తప్ప బాండు పేపర్ మీద విడాకులు చెల్లవు. అంటే చట్టం లెక్కలో మీ చెల్లె ఇప్పటికీ ఆయన భార్యే. ఒకవేళ విడాకులు అయినట్టే అనుకున్నా, మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు భరణం అడగవచ్చు. భరణం ఇప్పించే పాత సీఆర్‌పీసీ 125 సెక్షనే 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 అయింది.

పాప హక్కును వదులుకుంటున్నానని రాసే అధికారం తల్లికి లేదు. ఆ వాక్యాన్ని పట్టించుకోకండి. చెల్లె విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. భార్యాభర్తలు ఇష్టపడి విడిగా ఉంటే భార్యకు 144 కింద భరణం రాదని అందులోనే ఒక నిబంధన ఉంది. అవతలి వకీలు మీ కాగితాన్ని దానికే వాడతాడు. కాబట్టి కొట్టడమో, ఇంట్లోంచి వెళ్లగొట్టడమో, అసలు ఎందుకు విడిపోవాల్సి వచ్చిందో పిటిషన్‌లో వివరంగా రాయించండి. మూడు లక్షలు ముట్టినట్టు కూడా రాయండి. దాస్తే క్రాస్‌లో, అంటే అవతలి వకీలు ప్రశ్నలు వేసేటప్పుడు, దొరికిపోతారు, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలను కూడా జడ్జి అనుమానంగానే చూస్తారు.

ఇక నాలుగో వంతు లెక్క. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం భార్యకు ఇస్తే సబబుగా ఉంటుందన్నది. అదే కేసులో భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని, ఆ సంసారం కూడా ఉందని చూసి 23 వేలను 20 వేలకు తగ్గించింది. జనం మొదటి ముక్కే గుర్తుపెట్టుకున్నారు. చట్టంలో శాతం ఏదీ లేదు. ఇద్దరి ఆదాయం, ఆస్తులు, పిల్లల చదువు, మందులు, కాపురం చేసినప్పుడు ఎలా బతికారు, ఆయన మీద ఆధారపడ్డ ముసలి తల్లిదండ్రులున్నారా, ఇవన్నీ చూసి కోర్టు అంకె వేస్తుంది.

అడిగినవారు:
అన్నా, చెల్లె జాకెట్లు కుట్టి నెలకు ఐదారు వేలు సంపాదిస్తుంది. ఆ మాట చెబితే భరణం పోతుందేమోనని మాకు అదే టెన్షన్.

జవాబు (జడ్చర్ల):
పోదు తమ్ముడూ. నా కేసులోనూ ఇదే అడిగారు. పొట్ట పోసుకోవడానికి కొంత సంపాదిస్తున్నంత మాత్రాన తనను తాను పోషించుకోగలదని అనలేమని 2007లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే ఆ ఐదారు వేలు కూడా అఫిడవిట్‌లో రాయాలి. 2020 నవంబర్ సుప్రీంకోర్టు తీర్పు నుంచి ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ ప్రమాణం మీద రాసి ఇవ్వాల్సిందే. వ్యవసాయం వాళ్లకు వేరే ఫారం ఉంది, అందులో భూమి, పంట వివరాలు అడుగుతారు. మీ బావ పది వేలంటే ఆ పది వేలు ఆయన అక్కడ రాసి సంతకం పెట్టాలి. డీసీఎం ఈఎంఐయే అంతకన్నా ఎక్కువ కడుతున్నాడని మీరు చూపిస్తే ఆ మాట నిలవదు.

నా అనుభవంలో కేసు బరువంతా ఈ కాగితాల మీదే ఉంటుంది. పాప ఫీజు రసీదులు, ఆసుపత్రి బిల్లులు, కిరాణా ఖాతా పుస్తకం కూడా పెట్టండి. మా వకీలమ్మ కిరాణా చీటీలు తెమ్మంటే నవ్వొచ్చింది, జడ్జిగారు మాత్రం వాటినే ఒక్కొక్కటీ తిప్పి చూశారు.

జవాబు (దేవరకొండ):
మగవాళ్ల వైపు కూడా ఒక మాట. తండ్రి పేరు మీదున్న తోటను మొత్తం కొడుకు ఆదాయమని రాయకండి, అది నిలవదు. పంట అమ్మిన డబ్బు ఆయన ఖాతాలో పడితే ఆ మేరకే చెప్పండి. భూభారతిలో (తెలంగాణ భూముల రికార్డుల వెబ్‌సైట్) సర్వే నంబర్ కొట్టి పట్టా ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. రేపు ఆయన బండి పోయి నిజంగానే ఆదాయం తగ్గితే భరణం తగ్గించమని ఆయనా పిటిషన్ వేసుకోవచ్చు. ఖర్చులు పెరిగితే మీరూ పెంచమని అడగవచ్చు.

జవాబు (నల్గొండ, వకీలు):
దేవరకొండ అన్న చెప్పింది సరైనదే. అయితే "పని లేదు, సంపాదన లేదు" అన్న మాటను మాత్రం కోర్టులు అంత సులువుగా ఒప్పుకోవు. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలి చేసైనా భార్యాపిల్లలను పోషించాలని 2022లో సుప్రీంకోర్టు అన్నది.

చెల్లె ఇప్పుడు ఎక్కడ ఉంటే అక్కడే కేసు వేయవచ్చు, అత్తగారి ఊరి కోర్టుకు తిరగాల్సిన పని లేదు. ఆలస్యం మాత్రం చేయకండి. 2020 తీర్పు ప్రకారం భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క కడతారు, గడిచిన రెండేళ్లకు రాదు. మధ్యంతర భరణం (కేసు తేలేదాకా ఇచ్చేది) పిటిషన్ కూడా వెంటనే వేయించండి. నోటీసు అందిన 60 రోజుల్లోపు దాన్ని తేల్చాలని చట్టంలో ఉంది, నిజంలో వాయిదాలు పడతాయి, అది వేరే కథ.

అడిగినవారు:
ఆర్డర్ వచ్చాక కూడా ఇవ్వకపోతే?

జవాబు (నల్గొండ, వకీలు):
వారంట్ కోసం పిటిషన్ వేయాలి. బకాయి పడ్డ ఏడాదిలోపే వేయాలి, చాలామంది ఇక్కడే నష్టపోతారు. వాడే ఇస్తాడులే అని చూస్తూ కూర్చుంటే పాత నెలలు ఈ దారిలో వసూలు కావు. ఎగ్గొట్టిన ఒక్కో నెలకు నెల రోజుల వరకు జైలు వేయవచ్చు. జైలుకు పోయి వచ్చినా బాకీ తీరదు, అలాగే ఉంటుంది.

జవాబు (జడ్చర్ల):
వకీలు ఫీజుకు భయపడితే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

అడిగినవారు:
సరే అక్కా, సోమవారం పోతాం. పాపకు ఎన్నేళ్ల వరకు వస్తుంది?

జవాబు (నల్గొండ, వకీలు):
144 కింద పద్దెనిమిది నిండేదాకా. ఆ తర్వాత కూడా, తనను తాను పోషించుకోలేకపోతే, పెళ్లయ్యేదాకా తండ్రి నుంచి అడిగే హక్కు 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో ఆడపిల్లకు ఉంది, దానికి వేరే కేసు వేయాలి. సోమవారం వచ్చేటప్పుడు పాప జనన ధృవీకరణ పత్రం, పెళ్లి ఫోటోలు, ఆ బాండు పేపర్ జిరాక్స్, ఇద్దరి ఆధార్, డీసీఎం నంబర్ తెచ్చుకోండి. బండి ఎవరి పేరు మీదకైనా మార్చేలోపు ఆ నంబర్ మన పిటిషన్‌లో ఎక్కాలి.