నడుం నొప్పికి వీఆర్ హెడ్‌సెట్ నిజంగా పనిచేస్తుందా?

ప్రశ్న:
నాలుగేళ్ల నుంచి నడుం నొప్పి అండి, స్కానింగ్‌లో పెద్దగా ఏమీ లేదంటారు కానీ అరగంట కూర్చుంటే చాలు పట్టేస్తుంది, మాత్రలు మింగీ మింగీ కడుపు పాడైంది. వీఆర్‌తో, అంటే కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుంటే నిజంగా అక్కడే ఉన్నట్టు బొమ్మలు చూపించే వర్చువల్ రియాలిటీతో, తగ్గుతుందని ఎక్కడో చదివాను. కళ్లకి బొమ్మలు చూపిస్తే నడుం ఎలా తగ్గుతుంది? ఎవరైనా వాడారా?

జవాబు 1:
ఇది కొత్తదేం కాదండి. ఒళ్లు కాలినవాళ్లకి కట్లు మార్చేటప్పుడు నరకం కనబడుతుంది కదా, వాళ్ల కోసం 1990ల్లోనే వాషింగ్టన్ యూనివర్సిటీలో స్నోవరల్డ్ అని ఒక వీఆర్ గేమ్ మొదలుపెట్టారు, మంచులోయలో వెళ్తూ మంచుముద్దలు విసరడమే. ధ్యాసంతా అటు పోతే నొప్పిని పట్టించుకోడానికి మెదడుకి తీరికుండదు. కాకపోతే అది ఆ కాసేపటికే.

జవాబు 2:
పైవాళ్లు చెప్పింది కరెక్టే, కానీ ఏళ్ల తరబడి నొప్పికి ధ్యాస మళ్లిస్తే సరిపోదు. 2021 నవంబర్‌లో అమెరికాలో మందులు, వైద్య పరికరాల సంగతి చూసే ఎఫ్‌డీఏ, ఈజ్‌వీఆర్ఎక్స్ అనే వీఆర్ చికిత్సకి అనుమతిచ్చింది, అది మీలాంటి పాత నడుం నొప్పికే, పెద్దవాళ్లకే, అదీ డాక్టర్ రాసిస్తేనే. 8 వారాల్లో 56 సెషన్లు, ఒక్కోటి 2 నుంచి 16 నిమిషాలు. అందులో గేమ్ కన్నా శ్వాస నేర్పడం ముఖ్యం, మీరు వదిలే ఊపిరిని మైక్ పట్టుకుంటుంది, దానికి తగ్గట్టు ఎదురుగా బొమ్మ మారుతుంది. 179 మందితో చేసిన ట్రయల్‌లో ఇది వాడినవాళ్లలో 66 శాతం మందికి నొప్పి 30 శాతం పైగా తగ్గింది. హెడ్‌సెట్‌లోనే మామూలు 2డి వీడియోలు చూసినవాళ్లలో కూడా 41 శాతం మందికి తగ్గింది! అందుకే పూర్తిగా పోతుందని మాత్రం ఆశపడకండి, మందులు కూడా మీ అంతట మీరు ఆపొద్దు.

జవాబు 3:
నాకు మెడనొప్పి, తెలిసినవాళ్ల దగ్గర హెడ్‌సెట్ తెచ్చి మామూలు రిలాక్సేషన్ యాప్ పెట్టుకున్నా. మొదటి రోజు కదిలే సీన్ పెట్టుకుని కడుపులో తిప్పేసింది, పైగా హెడ్‌సెట్ బరువుకి మెడ ఇంకా లాగింది. తర్వాత వెనక్కి ఆనుకుని, కదలని సీన్‌తో ఐదేసి నిమిషాలు చేశా. నొప్పి ఉంది, కాకపోతే అది మొదలవగానే ఒళ్లు బిగపట్టేసే అలవాటు తగ్గింది, ఇప్పుడు హెడ్‌సెట్ లేకపోయినా అదే ఊపిరి తీసుకుంటున్నా. ఫిట్స్ ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పెట్టుకోకండి ప్లీజ్.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. బిగపట్టేయడం అన్నారు చూడండి, అచ్చం నాకూ అంతే. ముందు డాక్టర్‌ని అడిగి, ఐదు నిమిషాలతోనే మొదలుపెడతా.